పాత పోస్టుల నుంచి దారులు: తెలుగు బ్లాగుకు ఇంటర్నల్ లింకులు వేసే పద్ధతి

60 పోస్టులున్న ఒక బ్లాగు తీసుకోండి. అందులో ఐదారు పోస్టులకే జనం వస్తుంటారు. మిగతావి గూగుల్‌లో రెండో పేజీలోనో మూడో పేజీలోనో మగ్గుతుంటాయి, కొన్నయితే ఇండెక్స్‌లోకే (గూగుల్ వెతికే పేజీల జాబితాలోకే) ఎక్కవు. రాసేవాళ్లు ఇంకో కొత్త పోస్టు రాస్తారు, అదీ వెళ్లి ఆ గుట్టలోనే పడుతుంది. ఇలాంటి బ్లాగులో ముందు చూడాల్సింది పాత పోస్టుల మధ్య దారులున్నాయా లేదా అని. బయటి సైట్లవాళ్లు మనకు లింకు ఇస్తారో లేదో మన చేతిలో ఉండదు. మన పోస్టు నుంచి మన పోస్టుకు వేసుకునే ఇంటర్నల్ లింకు మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది.

ఉదాహరణగా ఊరగాయల మీద రాసే తెలుగు బ్లాగు ఒకటి అనుకుందాం. ఆవకాయ, బెల్లం ఆవకాయ, పెసరావకాయ, మాగాయ, గోంగూర, చింతకాయ, ఉసిరికాయ, పండుమిరప, జాడీలు కడిగే పద్ధతి, బూజు పడితే ఏం చేయాలి, ఇలా 60 పోస్టులు. మీది వ్యవసాయం బ్లాగైనా, ఉద్యోగ నోటిఫికేషన్ల బ్లాగైనా పద్ధతి ఇదే.

## లింకు చేసే పని

వెబ్ పేజీలను చదివి వెళ్లే గూగుల్ ప్రోగ్రామ్ అయిన గూగుల్‌బాట్ కొత్త పేజీలను ఎక్కువగా లింకుల వెంట నడిచే కనుక్కుంటుంది. లింకు మీద ఉన్న మాటలను, అంటే యాంకర్ టెక్స్ట్‌ను బట్టి అవతలి పేజీ దేని గురించో అంచనా వేసుకుంటుంది. ఎన్ని పేజీలు, ఎలాంటి పేజీలు దానివైపు చూపిస్తున్నాయన్న దాన్నిబట్టి బరువు తూస్తుంది.

1998లో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ప్రచురించిన పేజ్‌ర్యాంక్ సూత్రంలో ఈ బరువు లెక్క సులువుగానే ఉంటుంది. ఒక పేజీ తన విలువలో 0.85 వంతును తనలోని లింకులన్నిటికీ సమానంగా పంచుతుంది. విలువ 1 ఉన్న పేజీలో 10 లింకులుంటే ఒక్కోదానికి 0.085 వెళ్తుంది. 85 లింకులుంటే 0.01 మాత్రమే. ఇప్పటి గూగుల్ ఇంత ముతకగా లెక్కేయదు. 2010లో ఆ సంస్థకు మంజూరైన ఒక పేటెంట్‌లో, మనిషి నొక్కే అవకాశం ఎక్కువున్న లింకుకు ఎక్కువ విలువ ఇచ్చే పద్ధతి ఉంది. అయినా పాత లెక్క నేర్పే సంగతి పనికొస్తుంది: ఉన్న బలాన్ని ఇంటర్నల్ లింకు పంచుతుందే తప్ప కొత్తగా పుట్టించదు. అందరికీ పంచితే ఎవరికీ కడుపు నిండదు. పస లేని పోస్టును 50 లింకులిచ్చి కూడా పైకి లేపలేరు.

## 1. లెక్క తీయండి

గూగుల్ షీట్స్‌లో ఒక షీటు తెరిచి వరుసకో పోస్టు రాయండి. కావాల్సిన గళ్లు ఇవి: పోస్టు చిరునామా, శీర్షిక, అది ఏ మాటకు దొరకాలో ఆ కీవర్డ్, దానికి లోపలి నుంచి వస్తున్న లింకులు, హోమ్‌పేజీ నుంచి ఎన్ని క్లిక్కుల దూరం, గత 3 నెలల ఇంప్రెషన్లు (గూగుల్ ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించిందో ఆ లెక్క), సగటు స్థానం. చివరి రెండూ సెర్చ్ కన్సోల్‌లో, అంటే మీ సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ ఉచిత టూల్‌లో ఉంటాయి.

చిరునామాలు సైట్‌మ్యాప్‌లో, అంటే బ్లాగులోని పేజీల జాబితా ఉండే ఫైలులో దొరుకుతాయి. బ్లాగర్‌లో అది ఎప్పుడూ ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో 5.5 వెర్షన్ నుంచి దానంతట అదే తయారవుతోంది. లింకుల లెక్కకు, లింకుల వెంట నడిచి పేజీలను చూసే (క్రాల్ చేసే) స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే ప్రోగ్రామ్ వాడండి, 500 చిరునామాల వరకు ఉచితం. మీ హోమ్‌పేజీ చిరునామా ఇచ్చి నడిపిస్తే, ఒక్కో పేజీ ఎదురుగా క్రాల్ డెప్త్ (హోమ్‌పేజీ నుంచి క్లిక్కుల దూరం), యూనిక్ ఇన్‌లింక్స్ (దానికి లింకిస్తున్న వేర్వేరు పేజీల సంఖ్య) అనే గళ్లు వస్తాయి. ఆ రెండూ మీ షీటులోకి దించుకోండి.

తర్వాత సైట్‌మ్యాప్ జాబితాను ఈ క్రాల్ జాబితాతో పోల్చండి. షీట్స్‌లో కౌంట్‌ఇఫ్ సూత్రం ఒకటి చాలు. సైట్‌మ్యాప్‌లో ఉండి క్రాల్‌లో సున్నా వచ్చినవన్నీ అనాథ పోస్టులు. వాటికి మీ బ్లాగులో ఏ మూల నుంచీ దారి లేదు. సెర్చ్ కన్సోల్‌లో 'డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' (ఉందని తెలిసినా ఇంకా ఇండెక్స్ కానివి) కింద పడున్న చిరునామాలను కూడా ఈ జాబితాతో సరిచూడండి. అక్కడివాటిలో ఎన్నో అనాథలుగా తేలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. సైట్‌మ్యాప్‌లో ఉండటం వల్ల గూగుల్‌కు పేజీ ఉందని తెలుస్తుంది, అది ముఖ్యమైనదని మాత్రం తెలియదు.

సెర్చ్ కన్సోల్ లింక్స్ రిపోర్టులో కూడా ఇంటర్నల్ లింకుల సంఖ్యలుంటాయి. వాటిని చూసి మోసపోకండి. మెనూలో, సైడ్‌బార్‌లో ఉన్న లింకులు కూడా ఆ లెక్కలో కలుస్తాయి. 'మా గురించి' పేజీ అందరికంటే పైన కనిపించేది అందుకే.

### బ్లాగర్‌లో దాగున్న చిక్కు

బ్లాగ్‌స్పాట్ మీద ఉన్న తెలుగు బ్లాగులకు ఇది ముఖ్యం. ఏ పేజీలు చదవొచ్చో క్రాలర్లకు చెప్పేది రోబోట్స్ ఫైలు. బ్లాగర్ సొంతంగా ఇచ్చే ఆ ఫైలు 'సెర్చ్' (/search) అనే మాటతో మొదలయ్యే దారులన్నిటినీ క్రాలర్లకు మూసేస్తుంది. లేబుల్ పేజీలు ఆ దారిలోనే ఉంటాయి. హోమ్‌పేజీ అడుగున 'పాత పోస్టులు' నొక్కితే వెళ్లే పేజీలూ అంతే. మనం చక్కగా 'ఊరగాయలు' అని లేబుల్ పెట్టి, మెనూలో దానికి లింకిచ్చి, అన్నీ కలిపేశామనుకుంటాం. చదివేవాళ్లకు తలుపు తెరిచే ఉంటుంది, గూగుల్‌బాట్ మాత్రం గడప దగ్గరే ఆగిపోతుంది. సైడ్‌బార్‌లో ఆర్కైవ్ గాడ్జెట్, పోస్టుల అడుగున ముందు పోస్టుకు లింకు కూడా లేకపోతే, హోమ్‌పేజీలో కనిపించే చివరి నాలుగైదు పోస్టులు తప్ప మిగతావన్నీ చీకట్లో ఉన్నట్టే. స్క్రీమింగ్ ఫ్రాగ్ మామూలుగా రోబోట్స్ ఫైలుకు కట్టుబడి నడుస్తుంది కాబట్టి ఈ చిక్కు మీ క్రాల్‌లో అచ్చంగా కనిపిస్తుంది.

## 2. ఎవరికి లింకు కావాలో తేల్చుకోండి

60 పోస్టులకూ ఒకేసారి లింకులు వేయాలని కూర్చుంటే మూడో రోజుకు విసుగొస్తుంది. సెర్చ్ కన్సోల్ పెర్ఫార్మెన్స్ రిపోర్టులో గత 3 నెలలు తీసుకుని, ఇంప్రెషన్లు బాగా ఉండి, సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్న పోస్టులు ఏరండి. లింకులు తొందరగా పనిచేసేది వీటి మీదే. 60వ స్థానంలో ఉన్న పోస్టుకు సాధారణంగా లింకు లోపం కంటే సరుకు లోపం ఎక్కువ. మొదటి విడతకు 10 పోస్టులు చాలు.

ఏరిన ప్రతి పోస్టు విషయంలో ఇంకో పరీక్ష ఉంది. దాని కీవర్డ్ మీద నొక్కి, 'పేజెస్' ట్యాబ్‌కు వెళ్లండి. 'ఆవకాయ ఎలా పెట్టాలి' అన్న మాటకు మీవే రెండు పోస్టులు, అంటే 2019లో రాసినదీ, 2023లో మళ్లీ రాసినదీ కనిపించాయనుకోండి. అవి ఒకదాని కాళ్లు ఒకటి లాగుతున్నాయి. ఇక్కడ లింకులు వేయడానికి ముందే నిర్ణయం తీసుకోవాలి. ఒకదాన్ని ఉంచి, రెండోదానిలోని మంచి భాగాన్ని దాంట్లో కలిపి, తీసేసినదాని చిరునామాను ఉంచినదానికి 301 రీడైరెక్ట్ (శాశ్వత మళ్లింపు) చేయండి. బ్లాగర్‌లో సెట్టింగ్స్‌లోనే కస్టమ్ రీడైరెక్ట్స్ ఉంది, అందులో 'పర్మనెంట్' ఆన్ చేయడం మరిచిపోవద్దు. కలపడం ఇష్టం లేకపోతే రెండోదాన్ని 'కిలో కాయలకు ఆవకాయ కొలతలు' లాంటి వేరే అవసరం వైపు తిప్పి, దానికి వేసే యాంకర్లన్నీ ఆ మాటలతోనే వేయండి.

## 3. పిల్లర్ పోస్టు కట్టండి

ఒక్కో అంశానికి ఒక పెద్ద పోస్టు ఉండాలి. మన ఉదాహరణలో అది 'తెలుగు ఊరగాయలు: రకాలు, కొలతలు, నిల్వ' అనుకుందాం. హోమ్‌పేజీ మెనూ నుంచి దానికి నేరుగా లింకు, దాన్నుంచి ఒక్కో ఊరగాయ పోస్టుకు లింకు, ఒక్కో పోస్టు నుంచి తిరిగి దానికి లింకు. ఇలా కడితే ఏ పోస్టయినా హోమ్‌పేజీ నుంచి 2, 3 క్లిక్కుల్లో దొరుకుతుంది.

చాలామంది ఇక్కడ చేసే పొరపాటు, 60 శీర్షికలను వరుసగా పేర్చి దాన్నే పిల్లర్ పోస్టు అనడం. అది విషయసూచిక అవుతుంది, చదవడానికేమీ ఉండదు. ఒక్కో రకానికి రెండు మూడు వాక్యాలైనా రాయండి. మాగాయకు ముక్కలు ఊరబెట్టి ఎండబెడతారు, ఆవకాయకు ఎండబెట్టరు, తేడా అక్కడుంది, అని చెప్పి ఆ మాట మీద లింకు వేస్తే చదివేవాళ్లకూ, గూగుల్‌కూ ఒకేసారి అర్థమవుతుంది.

వర్డ్‌ప్రెస్‌లో కేటగిరీ పేజీయే పిల్లర్‌గా సరిపోతుందనుకోవద్దు. మామూలు సెట్టింగులో పేజీకి 10 పోస్టులు. 60 పోస్టులున్న కేటగిరీలో అన్నిటికంటే పాతవి ఆరో పేజీకి జారిపోతాయి.

పోస్టుల మధ్య అడ్డ లింకులు మాత్రం అవసరమున్నచోటే. ఆవకాయ నుంచి బెల్లం ఆవకాయకు, బూజు పోస్టుకు, జాడీల పోస్టుకు వేయడంలో అర్థముంది. ఉసిరికాయకు వేయడంలో లేదు.

## 4. యాంకర్ టెక్స్ట్

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. అందువల్ల లింకు ఇచ్చేటప్పుడు చెయ్యి దానంతటదే 'ఇక్కడ క్లిక్ చేయండి' దగ్గరికి పోతుంది. ఈ వాక్యం చూడండి:

'ఆవకాయకు బూజు పట్టకుండా ఏం చేయాలో తెలుసుకోవడానికి ఇక్కడ క్లిక్ చేయండి.'

లింకు 'ఇక్కడ' మీద పడింది. ఆ మాట అవతలి పేజీ గురించి ఏమీ చెప్పదు. బ్లాగులో 40 చోట్ల 'ఇక్కడ' ఉంటే 40 లింకులూ మూగవే. అదే సంగతిని ఇలా తిప్పి రాయొచ్చు:

'జాడీలో తడి మిగిలితే వారం తిరగకముందే పైన తెల్లగా తేలుతుంది. ఆవకాయకు బూజు పట్టడానికి కారణాలు చాలావరకు ఆ తడి దగ్గరే మొదలవుతాయి.'

ఇందులో 'ఆవకాయకు బూజు పట్టడానికి కారణాలు' అన్నంత మేరకు లింకు వేయండి. వాక్యం చదవడానికి అడ్డం లేదు, లింకు తీసేసినా వాక్యం నిలబడుతుంది. యాంకర్ బాగుందో లేదో చూసుకోవడానికి అదే సులువైన పరీక్ష. పొడవు 2 నుంచి 6 మాటలు. పేరా మొత్తానికి లింకు వేస్తే ఏది ముఖ్యమో ఎవరికీ తెలియదు.

విభక్తి ప్రత్యయాల దగ్గర తటపటాయించొద్దు. 'మాగాయలో', 'గోంగూరకు' అని ఉంటే మాట మొత్తానికి లింకు వేయండి. కీవర్డ్ అచ్చుగుద్దినట్టు రావాలని 'గోంగూర పచ్చడి నిల్వ గురించి' అని కృతకంగా రాయడం కంటే 'గోంగూర నిల్వపచ్చడికి' అన్నదే మేలు. ఫోన్లో మాటను ఎంచుకునేటప్పుడు హద్దు వత్తు మధ్యలో తెగితే అక్షరం విరిగి కనిపించవచ్చు, లింకు వేశాక ఒకసారి చూసుకోండి.

ఒకే పోస్టుకు అన్నిచోట్లా ఒకే యాంకర్ అక్కర్లేదు. తెలంగాణలో గోంగూరను పుంటికూర అంటారు. ఆంధ్రలో పండుమిరప పచ్చడిని చాలాచోట్ల కొరివికారం అంటారు. జనం రెండు రకాలుగానూ వెతుకుతారు. నాలుగు పోస్టుల నుంచి లింకిస్తుంటే ఒకటి రెండింటిలో రెండో పేరు వాడండి, ఆ పేరు అవతలి పోస్టులోనూ ఉండేలా చూడండి. ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన తప్పు, ఒకే యాంకర్‌ను రెండు వేర్వేరు పోస్టులకు వాడటం. 'ఆవకాయ తయారీ' అన్న మాట ఒకచోట ఒక పోస్టుకు, ఇంకోచోట ఇంకో పోస్టుకు వెళ్తే ఏది అసలుదో గూగుల్‌కు తెలియదు.

బొమ్మకు లింకిస్తే దాని ఆల్ట్ టెక్స్టే, అంటే బొమ్మలో ఏముందో చెప్పే మాటలే యాంకర్‌గా పనిచేస్తాయి. దాన్ని ఖాళీగా వదలొద్దు.

## 5. పాత పోస్టుల్లో చోటు వెతకండి

అసలు పని ఇక్కడుంది, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. కొత్త పోస్టు నుంచి పాతవాటికి లింకులిచ్చి ఊరుకుంటారు. కొత్త పోస్టుకు ఆ రోజుకు బలం ఏమీ ఉండదు, పంచడానికి దాని దగ్గర ఏముంటుంది? బలమున్నది పాతవాటి దగ్గర. సెర్చ్ కన్సోల్ లింక్స్ రిపోర్టులో బయటి లింకులు ఎక్కువున్న పేజీలు, పెర్ఫార్మెన్స్‌లో క్లిక్కులు ఎక్కువున్న పేజీలు, ఈ రెండు జాబితాల్లో పైనున్నవాటి నుంచి మీరు ఏరిన 10 పోస్టులకు లింకులు వేయాలి.

ఎక్కడ వేయాలో తెలియాలంటే ఆ ప్రస్తావన ఇప్పటికే ఉన్న చోట్లు దొరకాలి. గూగుల్‌లో 'సైట్:' ఆపరేటర్‌తో (ఒక్క సైటులోనే వెతికే ఆదేశంతో) వెతకొచ్చు గానీ తెలుగులో అది చాలా జారవిడుస్తుంది. దానికంటే బ్లాగు బ్యాకప్ ఫైలును దించుకుని, నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో తెరిచి, కంట్రోల్, ఎఫ్ నొక్కి వెతకడం మేలు. వర్డ్‌ప్రెస్ డ్యాష్‌బోర్డులోని పోస్టుల వెతుకుపెట్టె కూడా మాటలో భాగాన్ని పట్టుకోగలదు.

ఇక్కడ మన సంధులు ఆట ఆడిస్తాయి. 'ఆవకాయ' అని వెతికితే 'ఆవకాయలో', 'ఆవకాయకి' దొరుకుతాయి, 'పెసరావకాయ' దొరకదు. సంధిలో 'ఆ' అనే అక్షరం దీర్ఘపు గుర్తుగా మారి ముందు అక్షరానికి అతుక్కుంది. 'వకాయ' అని వెతికితే రెండూ వస్తాయి. 'పచ్చడి' అంటే 'పచ్చళ్లు' రావు, 'పచ్చ' అంటే వస్తాయి గానీ పచ్చిమిర్చి కూడా వచ్చి పడుతుంది, కంటితో ఏరుకోవాలి. 'పచ్చళ్లు', 'పచ్చళ్ళు' రెండు రకాలుగానూ రాసి ఉంటారు. కీవర్డ్ ఇస్తే లింకులు వాటంతటవే వేసే ప్లగిన్లు తెలుగులో తడబడేది ఈ కారణాలకే. ఇంకో వైపు 'ఉప్పు' అని ఇస్తే బ్లాగులో ఉప్పు కనిపించిన ప్రతిచోటా గీత గీసి పెడతాయి. చేత్తో వేయడమే మంచిది. పోస్టుకు 10 నిమిషాలు పట్టినా 60 పోస్టులకు 10 గంటలు, నెలలో వారాంతాలకు సరిపోతుంది.

ఎన్ని వేయాలి? పేజీకి ఇన్నే ఉండాలన్న నియమం గూగుల్ పెట్టలేదు. ఆచరణలో 1000 మాటల పోస్టులో మనసుపెట్టి వేసినవి 4 నుంచి 8 దాకా ఇబ్బంది లేదు. కొత్త పోస్టు పెట్టిన రోజునే కనీసం 3 పాత పోస్టుల్లోకి వెళ్లి దానికి లింకు వేయండి. లింకు పేరా లోపల, విషయం నడుస్తున్న చోట ఉండాలి. 'ఇవి కూడా చదవండి' అని చివర 15 శీర్షికలు కుమ్మరిస్తే ఎవరూ నొక్కరు.

రిలేటెడ్ పోస్ట్స్ విడ్జెట్ల సంగతి కూడా ఇంతే. బ్లాగర్ టెంప్లేట్లలో ఇవి చాలావరకు జావాస్క్రిప్ట్‌తో ఫీడ్ నుంచి లాక్కొస్తాయి, కొన్ని ఒక్కోసారి ఒక్కో పోస్టు చూపిస్తాయి. గూగుల్‌కు ఏం కనిపిస్తోందో తెలియాలంటే సెర్చ్ కన్సోల్‌లో ఆ చిరునామాను ఇన్‌స్పెక్ట్ చేసి, 'టెస్ట్ లైవ్ యూఆర్ఎల్' తర్వాత వచ్చే హెచ్‌టీఎంఎల్‌లో మీ లింకు ఉందో లేదో వెతకండి.

## 6. తెలియకుండా పాడయ్యే చోట్లు

లింకు అంటే పేజీ కోడులో 'a' అనే ట్యాగు, దాంట్లో హెచ్‌రెఫ్ (href), అందులో నిజమైన చిరునామా. టెంప్లేట్‌లో బటన్‌కు ఆన్‌క్లిక్ పెట్టి నడిపించే లింకులను గూగుల్ పట్టుకుంటుందన్న భరోసా లేదు.

ఫోన్లో బ్లాగర్ పోస్టు చిరునామా కాపీ చేస్తే చివర ప్రశ్నార్థకం, 'ఎం ఈక్వల్స్ 1' (?m=1) అంటుకుని వస్తుంది. దాన్ని తీసేసి అతికించండి. లేకపోతే ప్రతి లింకూ అసలు చిరునామాకు కాకుండా దాని మొబైల్ నకలుకు వెళ్తుంది. యూటీఎం తోకలు కూడా అంతే, అవి చదివేవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో తెలియడానికి బయటి ప్రచారంలో చిరునామాకు తగిలించేవి, లోపలి లింకుల్లో పెడితే అనలిటిక్స్ లెక్కలూ చెడతాయి.

తెలుగు శీర్షికల వల్ల వచ్చే చిరునామాల తంటా వేరు. బ్లాగర్ తెలుగు అక్షరాలను చిరునామాలోకి తీసుకోదు, అందుకే అన్ని పోస్టులూ 'బ్లాగ్-పోస్ట్' అనీ, దాని పక్కన ఏదో అంకె అనీ తయారవుతాయి. లింకు అతికించేటప్పుడు ఏది ఏదో పోల్చుకోలేక తప్పు పోస్టుకు వేస్తారు. ప్రచురించడానికి ముందే పర్మాలింక్‌లో ఇంగ్లీషు లిపితో పేరు పెట్టుకోండి. వర్డ్‌ప్రెస్ తెలుగును తీసుకుంటుంది, కానీ ఒక్కో అక్షర సంకేతం ఎన్‌కోడ్ అయ్యాక 9 స్థానాలు ఆక్రమిస్తుంది. స్లగ్ (చిరునామాలో పోస్టు పేరుండే భాగం) హద్దు 200 స్థానాలు. అంటే గుణింతపు గుర్తులు, వత్తులతో కలిపి 22 సంకేతాల దగ్గర చిరునామా తెగిపోతుంది.

ఇప్పటికే ప్రచురించిన పోస్టు చిరునామా అందంగా లేదని మార్చకండి. మార్చక తప్పకపోతే 301 పెట్టి, ఆ తర్వాత లోపలి లింకులన్నిటినీ కొత్త చిరునామాకే సవరించండి. ఒకటి ఇంకోదానికి, అది మరోదానికి తిప్పే గొలుసులు ఏళ్ల తరబడి పేరుకుపోతాయి. గూగుల్‌బాట్ 10 మలుపుల వరకు వెళ్తుంది గానీ అంత దూరం పంపడం దేనికి?

సొంత పోస్టులకిచ్చే లింకులకు నోఫాలో (ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) పెట్టి బలాన్ని కావాల్సిన చోటికి మళ్లించవచ్చన్న చిట్కా ఇంకా తిరుగుతోంది. అది పనిచేయదని గూగుల్ తరఫున మ్యాట్ కట్స్ 2009లోనే చెప్పారు. నోఫాలో పెట్టిన లింకు వాటా మిగతావాటికి చేరదు, పోతుంది.

## 7. ఫలితం చూసే పద్ధతి

లింకు వేసిన తేదీ, ఏ పోస్టు నుంచి ఏ పోస్టుకు, ఏ యాంకర్‌తో అన్నది షీటులో రాసుకోండి. లింకు వేసిన పాత పోస్టును గూగుల్‌బాట్ మళ్లీ చూస్తే తప్ప ఏమీ జరగదు, ముఖ్యమైనవాటికి ఇన్‌స్పెక్షన్ టూల్‌లో 'రిక్వెస్ట్ ఇండెక్సింగ్' నొక్కొచ్చు. 4 నుంచి 8 వారాలు ఆగి, సెర్చ్ కన్సోల్‌లో 28 రోజులను అంతకు ముందరి 28 రోజులతో పోల్చండి.

సగటు స్థానాన్ని పోస్టు మొత్తానికి చూస్తే తికమకపడతారు. పోస్టు కొత్త కొత్త మాటలకు 40, 50 స్థానాల్లో కనిపించడం మొదలైతే సగటు దిగజారినట్టుంటుంది, నిజానికి అది మంచి సూచన. మీరు ఎంచుకున్న కీవర్డ్ ఒక్కదాన్నే ఫిల్టర్ చేసి చూడండి.

ఊరగాయల లాంటి అంశాల్లో ఇంకో వల ఉంది. మార్చిలో లింకులు వేసి మేలో చూస్తే ఆవకాయ పోస్టుల క్లిక్కులు ఎగిసిపడి ఉంటాయి. అది లింకుల మహిమ కాదు, మామిడికాయల కాలం. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్క దాచుతుంది కాబట్టి నిరుడు ఇదే నెలతో పోల్చండి. లేదా ఆవకాయ పోస్టుల్లో సగానికి లింకులు వేసి, సగాన్ని ఒక విడత అలాగే వదిలి, రెండు గుంపుల తేడా చూడండి. రెండూ సమానంగా పెరిగితే ఎండలు పెంచినట్టు. లింకులు వేసిన గుంపు ముందుకు పోతే వదిలిన సగానికీ వేసేయండి.